అంగుళం కూడా కదలని సీటు

పట్టపగలు, పూర్తి తెలివిలో ఉన్న మనిషి తన కాళ్లతో తానే నడిచి వెళ్లి, ముక్కూ మొహం తెలియని వాళ్ల కారెక్కి, తలుపేసుకుని, తన అపహరణకు తానే ఏర్పాట్లు చేసుకోగలడా? చేసుకోగలడు. నేను చేసుకున్నాను. అయితే అందరికీ చేతనయ్యే పని కాదది. దానికి కొంత చదువుండాలి. చదువులేని వాళ్లు కారెక్కే ముందు అది ఎవరిదో చూసుకుంటారు.

నా చదువు గురించి రెండు ముక్కలు చెప్పనివ్వండి, లేకపోతే తర్వాత జరిగింది మీరు నమ్మరు. ప్రొద్దుటూరులో పదో తరగతితో బడి నన్ను వదిలేసింది గానీ గ్రంథాలయం వదల్లేదు. వదలాలని మా లైబ్రేరియన్ సారు చాలా ప్రయత్నించారు. సాయంత్రమయ్యేసరికి నా నెత్తి మీద ఫ్యాను కట్టేసేవారు, తర్వాత కిటికీలు మూసేవారు, ఆ తర్వాత తాళంచెవులు గలగలలాడించేవారు. నేను మాత్రం కోళ్ల పెంపకం నుంచి గ్రహణాల దాకా చేతికందిందల్లా చదువుతూనే ఉండేవాణ్ణి. ఆ జ్ఞానభారంతోనే సౌదీ వచ్చి, అల్ ఖోబార్‌లోని అజీజియాలో చిన్నపిల్లల సామాన్ల దుకాణంలో సేల్స్‌మన్‌గా కుదిరాను. ఉయ్యాలలు, తోపుడు బండ్లు, కారు సీట్లు అమ్మే పని. తోటి సేల్స్‌మన్లు గిరాకీ మొహం చదివేవారు. నేను పెట్టెలో వచ్చే సూచనల పుస్తకం చదివేవాణ్ణి, ఉతికే విధానంతో సహా.

అందుకే మా మేనేజర్ సలీం భాయ్ ఒకరోజు నన్ను పిలిచాడు. హైదరాబాద్ మనిషి. సగం మాట ఉర్దూలో మొదలుపెట్టి మిగతా సగం తెలుగులో ముగిస్తాడు.

"మియా, రియాద్‌లో ట్రైనింగ్ పెట్టిన్రు. పిల్లల కారు సీట్లు చెక్ జేసే టెక్నీషియన్. పరీక్ష పాసైతే సర్టిఫికెట్ ఇస్తరు. మన దుకాణం తరఫున నీ పేరు ఇస్తున్నా."

"నా పేరా?"

"మరి నాదా? నేనెన్నడన్న ఆ పుస్తకాలు తెరిచిన్నా?"

మొదట ఒళ్లంతా పొంగింది. ఆ పొంగు తగ్గకముందే ఖోబార్‌లోని గ్రంథాలయానికి వెళ్లి, పిల్లల కారు సీట్ల మీద అక్కడున్న ఇంగ్లీషు పుస్తకాలు మూడూ తెచ్చుకున్నాను. అక్కడే చెడింది. ఆ పుస్తకాల్లో పేజీకొక ప్రమాదం ఉంది. బెల్టు వదులైతే ఒకటి, పట్టీ మెలిపడితే ఇంకొకటి. సీటు మరీ నిటారుగా ఉంటే పసిబిడ్డ తల ముందుకు వాలి ఊపిరాడదట. ఇవన్నీ చదివాక మెస్సులో అన్నం తింటున్నా నాకు కంచం ఏటవాలుగా కనిపించేది. బస్సులో పక్కవాడి చంకలోని బ్యాగు పట్టీ వదులుగా ఉంటే చెమటలు పట్టేవి.

ఊళ్లో ఉన్న నా భార్య నసీమాకు ఫోను చేశాను. ధైర్యం చెబుతుందనుకున్నాను.

"సీటు బాగుందని చెప్పేది మీరు. దాంట్లో కూర్చునేది ఎవరి బిడ్డో," అంది. "మీరేమో ఇంటికొచ్చి పండుకుంటారు. ఆ బిడ్డ రోడ్డు మీద ఉంటాది. మీకు నిద్ర పడతాదా?"

ఆ రోజు నుంచి పట్టలేదు.

వెళ్తానని చెప్పలేను, వెళ్లనని చెప్పడానికి మనసొప్పదు. సలీం భాయ్ ఎదురుపడితే ఉయ్యాలల వెనక్కి నక్కేవాణ్ణి. చివరికి ఒక గురువారం తోపుడు బండ్ల మధ్య నన్ను పట్టుకున్నాడు. "ఇవాళ మూడింటి అసర్ నమాజ్ లోపల చెప్పాలె. హా యా నా. పేర్లు పంపుడు ఇవాళే ఆఖరు."

సరిగ్గా ఆ రోజే నరేశ్ బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి రావాలి.

నరేశ్‌ది కరీంనగర్. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో అకౌంట్లు చూస్తాడు. ఖోబార్‌లో నాకు తమ్ముడి లెక్క. ముందురోజే మా దుకాణంలో పసిపిల్లల సీటు కొని, కొన్నచోటే వదిలేసి వెళ్లాడు. "బాషన్నా, నువ్వే బిగియ్యాలె. సీటుల పెట్టినంక నర్సు చూస్తదట. చూడంది బిడ్డను కారెక్కనియ్యదట," అన్నాడు. అప్పుడే మనసులో పందెం కాసుకున్నాను. ఈ ఒక్క సీటు చెయ్యి వణక్కుండా సరిగ్గా బిగిస్తే రియాద్ వెళ్తాను. వణికితే జన్మంతా ఉయ్యాలలు అమ్ముకుంటాను.

మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"బాషన్నా, అచ్చిన. తెల్ల కారు. ఇంజన్ ఆన్‌లనే ఉన్నది, డోరుకు తాళం ఎయ్యలే. నువ్వు సీటు పెట్టుడు షురూ చెయ్యి. నేను ఫార్మసీల డైపర్లు తీస్కొని అస్త. కారు యాడ పెట్టిన్నంటే..."

నేను ఫోను పెట్టేశాను. మూడు పుస్తకాలు చదివినవాడికి తెల్ల కారు ఎక్కడుందో ఒకరు చెప్పాలా?

ఇక్కడొక సంగతి మనవి చెయ్యాలి. ఆగస్టు ఎండలో ఈ దేశంలో మనుషులు కారు దిగుతారు గానీ కారుని ఆపరు. రొట్టెల కోసమో పాల కోసమో అంగట్లోకి వెళ్లినంతసేపూ కారు ఏసీ వేసుకుని, తాళం లేకుండా, యజమాని కోసం గురక పెడుతూ నిలబడి ఉంటుంది. ఇంకో సంగతి, ఈ దేశంలో కార్లు చాలావరకు తెల్లవే. ఈ రెండూ నాకు బాగా తెలుసు. తెలిసినవాటిని సమయానికి గుర్తు తెచ్చుకోవాలని మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు.

దుకాణం ముందు తెల్ల కారు గురక పెడుతోంది. వెనక తలుపు తీశాను. అత్తరు గుప్పుమంది. "నరేశ్ జీతం పెరిగినట్టుంది," అనుకున్నాను. ముందు అద్దానికి తస్బీ వేలాడుతోంది. కరీంనగర్ నరేశ్‌కి జపమాల ఎందుకు? "బిడ్డ పుట్టిన సంతోషంలో అందరు దేవుళ్లకూ మొక్కుతున్నట్టున్నాడు, మంచివాడు," అనుకున్నాను. సీటు మీద కుట్టుపని చేసిన దిండు, కింద అరబ్బులు గావా కాఫీ పోసుకునే ఫ్లాస్కు. బాలింతకు వేడినీళ్లు కాబోలు! చూశారా, ప్రతి ఆధారానికీ నా దగ్గరొక సమాధానం ఉంది. చదువు వల్ల ప్రయోజనం అదే.

చల్లదనం పోకుండా తలుపు వేసుకుని పని మొదలుపెట్టాను. సీటుని వెనక్కి తిప్పి పెట్టాను. బెల్టు దూర్చాను. బెల్టు కొక్కేన్ని పట్టి ఉంచే కాడ పొడవుగా ఉంటే దాన్ని మెలితిప్పి పొట్టి చేయవచ్చని రెండో పుస్తకంలో చదివాను కాబట్టి మెలితిప్పాను. ఆ తర్వాత సీటులో మోకాలు పెట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసి, తల కిందికి వంచి బెల్టు లాగాను. చెయ్యి వణకలేదు! పట్టుకుని ఊపి చూశాను. అంగుళం కూడా కదల్లేదు. రియాద్ నా కళ్ల ముందు మెరిసింది.

అప్పుడే ముందు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"వచ్చినావా నరేశా? ఒక్క నిమిషం కారు కదిలీయద్దు, నా మోకాలు దీంట్లో ఉండాది," అన్నాను తలెత్తకుండా.

కారెక్కిన మనిషి ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు, అరబ్బీలో. నరేశ్ ఇంత చక్కగా అరబ్బీ ఎప్పుడు నేర్చాడా అని నేను మెచ్చుకునేలోపే రెండో తలుపు తెరుచుకుంది. ఒక పెద్దావిడ గొంతు. "యల్లా, అబూ సాలెహ్!" కారు కదిలింది.

పాఠకులారా, భయం గురించి నేను చాలా చదివాను. అది కడుపులో మొదలవుతుందని రాస్తారు. అబద్ధం. మోకాలిలో మొదలవుతుంది. పసిబిడ్డ సీటులో ఇరుక్కున్న మోకాలు సీటుతో సహా వణకసాగింది. నేను ఒక సౌదీ కుటుంబం కారులో ఉన్నాను. ముందు ఆడమనిషి ఉంది. నల్ల అద్దాలు. బయటి లోకానికి నేను లేను, లోపలి లోకానికి ఇంకా తెలియను. దగ్గితే దొంగని. దగ్గకపోతే ఇంకా పెద్ద దొంగని. ఇంత లోపలికి వచ్చాక ఏ మాటతో మొదలుపెట్టాలి? సలాం చెబుదామా? వెనక నుంచి సలాం వినబడితే పెద్దాయన గుండె ఆగిపోతే? ఆ పాపం కూడా నాదే. అందుకని ఏమీ తోచక, చేతులు ఊరికే ఉండలేక, బెల్టుని ఇంకొంచెం బిగించాను.

నేను దగ్గాల్సిన పని లేకుండా నా ఫోను మోగింది.

పెద్దావిడ కేక పెట్టింది. పెద్దాయన బ్రేకు తొక్కాడు. కారు ఆగింది, నేను ఆగలేదు. ముందు సీట్ల మధ్య నుంచి దూసుకెళ్లి, తల గేరు దగ్గర, కాళ్లు గాల్లో పెట్టి తేలాను. అంత కుదుపులోనూ ఓరకంట చూశాను. సీటు అంగుళం కూడా కదల్లేదు. అంతలో వీపు మీద వేడివేడిగా దెబ్బలు మొదలయ్యాయి. పెద్దావిడ అప్పుడే కొన్న రొట్టెల సంచితో కొడుతోంది. పొయ్యి మీంచి దిగిన రొట్టెలు.

"మిన్ ఇంత? మిన్ ఇంత?" ఎవడివి నువ్వు అని అరుస్తున్నాడు పెద్దాయన.

నాకు వచ్చిన అరబ్బీ అంతా దుకాణం అరబ్బీ. భయంతో నోరు తెరిస్తే రోజూ వాడే మాటే బయటికొచ్చింది.

"ఫీ ఖస్మ్, బాబా! ఫీ ఖస్మ్!"

అంటే, డిస్కౌంట్ ఉంది.

దెబ్బలు ఎక్కువయ్యాయి. గ్యారంటీ కూడా ఉందని చెప్పాను. పెద్దాయన నా చొక్కా పట్టుకుని "షుర్తా" అన్నాడు. ఆ మాటకి అర్థం ఏ పుస్తకమూ లేకుండానే తెలుసు. పోలీసులు. నా కళ్ల ముందు ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రద్దయింది. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర పడింది. ప్రొద్దుటూరు గ్రంథాలయంలో పేపరు చదువుతున్న లైబ్రేరియన్ సారు నా ఫోటో దగ్గర ఆగి, "వీణ్ణి నాకు తెలుసు, కిటికీలు మూసినా పోయేవాడు కాదు," అంటున్నారు.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. పెద్దాయన ఎత్తమని సైగ చేశాడు. స్పీకర్ పెట్టాను.

"యాడున్నవే బాషన్నా? దుకాణం ఎనుక కార్ల కూసున్న నేను. సీటు లేదు, నువ్వు లేవు!"

"నేనూ కార్లోనే ఉండా నరేశా."

"ఎవల కార్ల?"

"అదే అడగతాండారు వీళ్లు."

పెద్దాయన ఫోను లాక్కుని నరేశ్‌ని అరబ్బీలో కడిగేయడం మొదలుపెట్టాడు. నరేశ్ అరబ్బీ నా అరబ్బీ కంటే పేదది. "బేబీ... ముస్తష్ఫా... బేబీ... ముస్తష్ఫా..." అని రెండే మాటలు తిప్పి తిప్పి చెప్పసాగాడు.

పెద్దావిడ చేతిలో రొట్టెల సంచి గాల్లోనే నిలిచింది. "ముస్తష్ఫా?" అంది. బిడ్డ ఆసుపత్రిలోనా అని. ఖాళీ సీటు వైపు చూసింది. నా వైపు చూసి రెండు చేతులూ ఒళ్లో ఉయ్యాలలా ఊపింది. నేను గేరు పక్క నుంచే తలాడించాను. "బింత్, మామా," అన్నాను. ఆడపిల్ల అని.

"మాషా అల్లా," అంది పెద్దావిడ, సంచి ఒళ్లో పెట్టుకుని.

పెద్దాయన మాత్రం కరగలేదు. నీ సీటు ఊడదీసుకుని దిగిపో అని వేలు చూపించాడు. అంతకంటే నాకు కావలసిందేముంది? వెనక్కి పాకి కొక్కెం మీద బటన్ కోసం వెతికాను. బటన్ లేదు. మెలితిప్పినప్పుడు అది అటువైపు తిరిగి సీటు గోడకు ఆనుకుపోయింది. వేలు దూరే సందు లేదు. మెలితిప్పవచ్చని చదివాను గానీ బటన్ ఎటు ఉండాలో బహుశా తర్వాతి పేజీలో రాశారు. ఆ పేజీ దగ్గరే దుకాణం తెరిచే వేళయింది.

నేను లాగాను. పెద్దాయన దిగి వచ్చి లాగాడు. ఇద్దరం కలిసి లాగాం. కారు మొత్తం ఉయ్యాలలా ఊగింది గానీ సీటు ఊగలేదు. పెద్దాయన నడుం పట్టుకుని నిలబడి, నన్ను కొత్తగా చూశాడు. అందులో సగం కోపం, ఇంకో సగం ఏదో నాకు తెలియదు. అప్పుడు పెద్దావిడ ముందు సీటు నుంచి తీర్పు చెప్పింది.

"యల్లా. ముస్తష్ఫా."

ఆ విధంగా నరేశ్ కోసం బయల్దేరిన సీటు అబూ సాలెహ్ గారి కారులో ఆసుపత్రికి చేరింది. దారిలో నేను ఫోను చేస్తే ముందే వచ్చేసిన నరేశ్, గుమ్మం దగ్గర తన ఖాళీ కారు పక్కన నిలబడి ఉన్నాడు. చక్రాల కుర్చీలో అతని భార్య స్వప్న, ఒళ్లో పొత్తిళ్ల మూట. మలయాళీ నర్సు వచ్చి బిడ్డను సీటులో పడుకోబెట్టింది, పట్టీలు వేసింది, వంపు చూసింది. బెల్టు దగ్గర పట్టుకుని గట్టిగా ఊపింది. నా ప్రాణాలు ఊగాయి.

"ఎవరు బిగించారు?" అంది ఇంగ్లీషులో.

అందరి వేళ్లూ నావైపే తిరిగాయి.

"వెరీ గుడ్. మీరు సర్టిఫైడా?"

"ఇంకా నిర్ణయించుకోలేదు మేడం," అన్నాను.

స్వప్న కారులోకి తొంగిచూసి, "గీ ముసలమ్మ ఎవలు?" అని గుసగుసలాడింది.

"బాషన్న సుట్టాలు," అన్నాడు నరేశ్ నన్ను నమిలేసేలా చూస్తూ. "ఎక్కు, తర్వాత జెప్త."

పెద్దావిడ దిగి, స్వప్నను చెయ్యి పట్టి బిడ్డ పక్కన కూర్చోబెట్టింది. నేను నరేశ్ కారెక్కాను. నంబరు ప్లేటు చూసే ఎక్కాను.

"నా బిడ్డ ఫస్ట్ టైం కారెక్కితే అది నా కారు కాకపాయె," అన్నాడు నరేశ్ హజార్డ్ లైట్లు వేసుకుని వాళ్ల వెనకే పోనిస్తూ. "ఎవలో తాత తీస్కపోతుండు. నేను పెండ్లికి పోయినట్టు ఎనుక పోతున్న. ఇంటికి పోయి మా అమ్మకు ఏమని చెప్పాలె?"

"నిదానంగా పోనీ. ముందు చూడు."

"చూస్తున్న. నువ్వు కార్లు చూసుడు నేర్చుకో."

నా కళ్లు ముందు కారు వెనక అద్దం మీదే ఉన్నాయి. పెద్దాయన ఎద్దుల బండి కంటే నెమ్మదిగా నడుపుతున్నాడు. అయినా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నా పళ్లు కరుచుకుపోతున్నాయి. బెల్టు మెలి మళ్లీ విప్పుకుంటుందా? నర్సు చేతికి అందని వదులేదైనా ఉందా? నసీమా చెప్పిందే జరుగుతోంది. నేను ఇక్కడున్నాను, బిడ్డ రోడ్డు మీద ఉంది.

సందులోంచి నీళ్ల ట్యాంకర్ ఒకటి హారన్ కూడా కొట్టకుండా వచ్చి పడింది.

ముందు కారు బ్రేకు లైట్లు భగ్గుమన్నాయి. కారు ముక్కు కిందికి వంగి, వెనక చక్రాలు కీచుమన్నాయి. ఇద్దరం ఒక్కసారే అరిచాం. ట్యాంకర్ ఒక్క చెయ్యి దూరంలోంచి తన దారిన తాను వెళ్లిపోయింది. వెనక అద్దంలో స్వప్న నీడ సీటు మీదికి వంగింది. అలాగే ఉండిపోయింది. తర్వాత ఆమె చెయ్యి పైకి లేచి, వెనకున్న మా కోసం అటూ ఇటూ ఊగింది. ఏం కాలేదు.

నరేశ్ స్టీరింగ్ వదలకుండా, నావైపు చూడకుండా అడిగాడు. "సీటు కదల్లే గదా అన్నా?"

"కదల్లేదు."

"నీకెట్ల తెలుసు?"

"నేను బిగించినా కాబట్టి."

ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. బిగించేటప్పుడు మాత్రం వణకలేదు.

సరిగ్గా అప్పుడే సలీం భాయ్ ఫోను.

"మియా, దుకాణం ఇడిసి యాడికి పోయినవ్? అసర్ అయితుంది. హా యా నా?"

"హా," అన్నాను.

"డర్ నై లగ్తా?" భయం లేదా అని.

"చానా ఉండాది భాయ్."

"అయితే నువ్వే పోవాలె. భయం లేనోణ్ణి పంపితే ఏం ఫైదా?"

ఇంటి దగ్గర బిడ్డను లోపలికి తీసుకెళ్లాక మేమిద్దరం, పెద్దాయన కలిసి మళ్లీ సీటు మీద పడ్డాం. స్పానర్ అన్నాడు నరేశ్. కత్తి అన్నాడు పెద్దాయన, బెల్టు వైపు చూపిస్తూ. కత్తి నా కోసం కాదని తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. పెద్దావిడ మమ్మల్ని ముగ్గురినీ పక్కకు నెట్టి, గోరింట పెట్టిన సన్నటి చూపుడువేలు సందులోకి పోనిచ్చింది. టక్కుమంది. సీటు ఊడి నా ఒళ్లో పడింది. పోతూపోతూ ఆవిడ నాకొక రొట్టె ఇచ్చింది. నా వీపు మీద విరిగినదే.

రియాద్ వెళ్లాను. అక్కడి బతా బజారులో మెస్సు భోజనం, మూడు పుస్తకాలూ సంచిలో. మొదటి రోజే శిక్షకుడు బోర్డు ముందు నిలబడి, "టెక్నీషియన్ సీటు బిగించకూడదు. తల్లిదండ్రుల చేత, వాళ్ల కారులో, వాళ్ల చేతులతోనే బిగింపజేయాలి. మీ చేతులు వెనక కట్టుకోండి," అన్నాడు. అంటే నేను అంతవరకూ చేసినదంతా ఆ ఉద్యోగం చెయ్యకూడని పనే.

"ఇంకొకటి," అన్నాడాయన. "ముందు కారు ఎవరిదో కనుక్కోండి. నవ్వకండి, నిజంగా జరిగింది. ఖోబార్‌లో ఒకడు పరాయి వాళ్ల కారులో సీటు బిగించి, దాంతోపాటే వెళ్లిపోయాడట. ఆ పెద్దావిడ రొట్టెలతో కొట్టిందట."

తరగతి తరగతంతా బల్లలు చరిచి నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. పక్కన కూర్చున్న పాకిస్తానీ కళ్లు తుడుచుకుంటూ, "వాడు ఎక్కడివాడై ఉంటాడు?" అని నన్నే అడిగాడు.

"అంత చదువుకున్నోడు మావైపు ఉండడు భాయ్," అన్నాను.

పరీక్ష పాసయ్యాను. ఇప్పుడు నా దగ్గర సర్టిఫికెట్ ఉంది, దాని పక్కనే భయం కూడా ఉంది. రెండూ గడువు తీరకుండా చూసుకుంటున్నాను. కనుక ఓ పాఠకులారా, మీ అందరి సాక్షిగా, విరిగిన రొట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. గురక పెట్టే తెల్ల కారులో ఇక మోకాలు పెట్టను. పెట్టాల్సి వస్తే ముందు సీట్లో ఎవరి తల ఉందో చూసుకుంటాను. తల లేకపోతే, వచ్చేదాకా చేతులు వెనక కట్టుకుని, ఎండలో, కారు బయటే నిలబడతాను.